ముల్లు చేసిన నేరమేమి?

పాత కార్లు ఉంచుకొనేవారిలో ఒక దురాచారం వేళ్ళూనుకొన్నది. డ్యాష్‌బోర్డు మీద ఏదో ఒక ముల్లు లేవకపోయినా, లేవవలసిన దానికంటె ఎక్కువ లేచినా, వెంటనే ఆ మీటరును పీకించి బజారులో దొరికినదేదో తగిలించుకోవడం. మరికొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, యాభై అరవై ఏళ్ళు నిలిచిన గుండ్రని డయళ్ళను తీయించి, ఆ కన్నాలలో నీలి అంకెలు వెలిగే డబ్బాలు బిగించుకొని, "రీస్టోర్ చేయించాం" అంటూ బొమ్మలు పెడుతున్నారు. చూసినవారు "సూపర్ సార్" అంటున్నారు. నాకు నోరు రావడం లేదు. ఇది మొదట తర్కదోషం, తరువాత దుబారా, చివరకు విధ్వంసం. కోపం వచ్చినవారు చివరిదాకా చదివి కోపగించుకోవలసినదిగా మనవి.

తర్కదోషం సంగతి ముందు చూద్దాం. గ్యారేజీకి వెళ్ళగానే వినిపించే మాట: "మాస్టారూ, మీటరు పోయిందండీ, మార్చేద్దాం." ఇది తీర్పు. విచారణ ఎప్పుడు జరిగినదో ఎవరికీ తెలియదు. "పోయినదని ఎట్లా తెలిసినది నాయనా?" అంటే "ముల్లు లేవట్లేదు కదండీ" అని జవాబు. మీటరు చెడితే ముల్లు లేవదు, నిజమే. ముల్లు లేవనంత మాత్రాన మీటరే చెడినదనడానికి మాత్రం వీలులేదు. తర్కశాస్త్రం మొదలుపెట్టిన విద్యార్థికి కూడ ఈ భేదం తెలుసు: పొగ ఉన్నచోట నిప్పు ఉన్నదనవచ్చును గాని, నిప్పు ఉన్నచోటెల్లా పొగ ఉండవలెనని పట్టుపట్టరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ ఏది? గ్యారేజీలో ప్రతిరోజూ ఈ ఇనుపగుండు దగ్గరే జారిపడుతున్నారు.

ఒక్క పెట్రోలు మీటరు దారిని చూడండి. కరెంటు తాళం గుండా మీటరుకు వస్తుంది. మీటరు నుండి ఒక తీగ కారు పొడవునా వెనుకకు పోయి ట్యాంకు మీది యూనిట్‌ను చేరుతుంది. అక్కడ పెట్రోలు మీద తేలే ఫ్లోటు, దానితోపాటు కదులుతూ నిరోధాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండే చిన్న చేయి ఉన్నవి. ఆ నిరోధం గుండా కరెంటు ట్యాంకు రేకులోకి, ట్యాంకు నుండి కారు శరీరంలోకి, శరీరం నుండి తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఇంత పొడవు యాత్రలో మీటరు ఒక మజిలీ. మిగిలినవన్నీ నీటిలో, బురదలో, వేడిలో, కుదుపులలో ఉండేవి. మీటరు ఒక్కటే అద్దం వెనుక, నీడపట్టున కూర్చున్నది. ఎండలో వానలో తిరిగినవారిని వదలిపెట్టి నీడలో కూర్చున్నవాడికి ముందు శిక్ష వేయడం ఏ న్యాయం?

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. "మీటరు" అనే మాటను తెలుగు చేయవలెనని కొందరు మిత్రులు "మాపకం", "మాపని" అని ప్రయత్నించినారు. అవసరం లేదని నా అభిప్రాయం. మీటరుకు మూలమైన గ్రీకు మాటకు, మన "మాత్ర"కు, "మానము"నకు పుట్టిల్లు ఒకటే. అన్నీ కొలతకు సంబంధించినవే. ఇంగ్లీషువారు ఛందస్సును కూడ మీటరు అనే అంటారు. పద్యంలో గణభంగమైతే మనమేమి చేస్తాము? ఏ పాదంలో, ఏ గణం దగ్గర నడక తప్పినదో వేలు పెట్టి వెతుకుతాము. పద్యాన్నే తీసివేసి సినిమాపాట అతికించము. డ్యాష్‌బోర్డు దగ్గరకు వచ్చేసరికి ఆ ఓపిక ఎక్కడికి పోతున్నది?

సరే, విషయానికి వస్తాను. మోరిస్, ఆస్టిన్, ఎం.జి., మద్రాసులో 1961 నుండి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వంటి బ్రిటిష్ సంతతి కార్లలో మీటర్లు రెండు జాతులు. విచారణకు ముందు మన ముందున్నది ఏ జాతిదో తెలుసుకోవలెను. అందుకు ఏ పనిముట్టూ అక్కరలేదు, కళ్ళు చాలు. తాళం తిప్పగానే ముల్లు చటుక్కున లేచి, కారు కదులుతుంటే అటూ ఇటూ ఊగుతున్నదా? అది రెండు తీగచుట్టల నడుమ ఇనుపముక్క తిరిగే పాత జాతి. అట్లా కాక, నిద్రలేచిన జమీందారులా నింపాదిగా పైకి వచ్చి నిలకడగా నిలబడుతున్నదా? అది 1960లలో బ్రిటిష్ కార్లలో విరివిగా వచ్చిన రెండవ జాతి. దానిలో రెండు లోహాలు అతికిన పట్టీ, పట్టీ చుట్టూ సన్నని తీగ ఉంటవి. తీగ వేడెక్కితే పట్టీ వంగుతుంది, పట్టీ వంగితే ముల్లు కదులుతుంది.

ఈ భేదం తెలియకపోతే పరీక్షే తలక్రిందులవుతుంది. ట్యాంకు దగ్గర తీగ ఊడదీస్తే పాత జాతి ముల్లు "నిండుగా ఉన్నది" అని చూపుతుంది; రెండవ జాతి ముల్లు "ఖాళీ" అంటుంది. అదే తీగను ఎర్త్‌కు తాకిస్తే పాతది ఖాళీ, కొత్తది నిండు. ఒకే పరీక్ష, రెండు విరుద్ధమైన ఫలితాలు. ఇక తీగను బాడీకి తాకించి "ముల్లు లేస్తున్నదా బాబూ?" అని కేకవేయడం మన గ్యారేజీలలో నిత్యకృత్యం. రెండవ జాతి మీటరును ఎర్త్‌కు తాకించి పరీక్షించరాదని ఆ కాలపు వర్క్‌షాప్ మాన్యువళ్ళు హెచ్చరించినవి. నిరోధమేమీ లేకుండా కరెంటు పారితే లోపలి సన్నని తీగ కాలిపోగలదు. అంటే విచారణ పేరుతో సాక్షిని చంపి, "చూశారా, చచ్చిపోయే ఉన్నాడు" అనడమన్నమాట. నిప్పురవ్వ లేస్తే పక్కనే పెట్రోలు ట్యాంకు ఉన్నదన్న మాట ఎవరూ తలచుకోరు.

రెండవ జాతి మీటర్ల వెనుక అసలు దోషి తరచుగా వేరొకడు. అతని పేరు వోల్టేజి స్టెబిలైజరు. డ్యాష్‌బోర్డు వెనుక ఎక్కడో అగ్గిపెట్టెంత రేకు డబ్బాలో ఉంటాడు. బ్యాటరీ వోల్టేజి ఇంజను వేగాన్ని బట్టి 12 నుండి 14 దాకా మారుతూ ఉంటుంది గనుక, మీటర్లకు సగటున 10 వోల్టులు అందేటట్లు కరెంటును క్షణక్షణం తెంచుతూ కలుపుతూ ఉండడం అతని ఉద్యోగం. పెట్రోలు మీటరు, ఎలక్ట్రిక్ టెంపరేచర్ మీటరు రెండూ ఈయన చేతినుండే అన్నం తింటవి. అందుచేత రెండు ముళ్ళూ ఒకేసారి పడిపోయినా, రెండూ ఒకేసారి ఉన్నదానికంటె ఎక్కువ చూపినా, మీటర్లను ముట్టుకోనక్కరలేదు. రెండు మీటర్లు ఒకే ముహూర్తాన చెడిపోవడానికి అవి కవలపిల్లలు కావు. స్టెబిలైజరుకు ఎర్త్ తెగితే లోపలి పట్టీ వేడెక్కదు, కాంటాక్టులు విడిపోవు, బ్యాటరీ వోల్టేజి యథాతథంగా మీటర్లలోకి పోతుంది. రెండు ముళ్ళూ ఉబ్బిపోయి కూర్చుంటవి. అప్పుడు యజమాని "ట్యాంకు నిండుగా ఉన్నది, ఇంజను కాగిపోతున్నది" అని రెండు అబద్ధాలు నమ్మి, రేడియేటరు శుభ్రం చేయించి, థర్మోస్టాటు మార్పించి, చివరకు రెండు మీటర్లూ మార్పిస్తాడు. కొత్త మీటర్లూ అదే చూపుతవి. అయినా అనుమానం రాదు! "డూప్లికేట్ మాల్ అండీ" అని వాటినీ తిడతారు.

ఈ స్టెబిలైజరును మాత్రం మార్చినా నాకు అభ్యంతరం లేదు. కనబడని వస్తువు, పాతది దొరకని వస్తువు. చాలామంది అభిరుచిపరులు పాత రేకు డబ్బాలోనే 7810 అనే మూడుకాళ్ళ చిప్పును ఇమిడ్చి పెట్టుకొంటున్నారు. పని చక్కగా జరుగుతుంది, డ్యాష్‌బోర్డు ముఖం మారదు. ఒక్క జాగ్రత్త. పాత బ్రిటిష్ కార్లలో అనేకం బ్యాటరీ ప్లస్‌ను శరీరానికి కలిపినవి. పాత స్టెబిలైజరుకు కరెంటు ఎటునుండి ఎటు పోయినా ఒకటే, చిప్పుకు కాదు. అటువంటి కారుకు 7910 కావలెను.

ఎర్త్ మాట వచ్చినది కనుక, నాకు ఎక్కువ బాధ కలిగించే విచిత్రం చెబుతాను. పాత కారును ముచ్చటపడి తుప్పు గీకించి, శరీరమంతా దళసరిగా కొత్త రంగు పూయించి, ట్యాంకుకు కూడ నల్లరంగు దట్టించి, కొత్త రబ్బరు పట్టీలు వేయించి బిగిస్తారు. మరునాటినుండి పెట్రోలు మీటరు పనిచేయదు. ఎందుకు చేస్తుంది? ట్యాంకు నుండి శరీరానికి కరెంటు పోయే దారిని రంగుతో, రబ్బరుతో మూసివేసినది మీరే. పాత తుప్పు కింద ఎక్కడో లోహం లోహాన్ని తాకుతూ ఉండేది. అలంకారం వచ్చి ప్రాణసంబంధం తెంచినది. (కవిత్వంలో కూడ ఇది జరుగుతుంది, ఆ చర్చ మరొకసారి.) మందు ఎంత సులభమో చూడండి: తాళం తీసివేసి, ట్యాంకు యూనిట్ అంచునుండి శరీరంలో శుభ్రంగా గీకిన చోటికి ఒక తీగ గట్టిగా బిగించి, ఆ తరువాత తాళం తిప్పండి. ముల్లు లేచినదా? దోషి దొరికినాడు. ఈ ఒక్క మూర తీగ వేయడానికి బద్ధకించి ఎన్ని అసలు మీటర్లను పాతసామాను దుకాణానికి పంపినారో లెక్క చెప్పగలవారు లేరు.

ఎర్త్ బాగుంటే తరువాత ట్యాంకు యూనిట్‌ను చూడవలెను. ఇత్తడి ఫ్లోటుకు చిల్లిపడితే అందులో పెట్రోలు నిండి మునిగిపోతుంది. ట్యాంకు నిండా పోసినా ముల్లు ఖాళీ అంటుంది. చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపల చప్పుడు వినిపిస్తుంది. నిరోధపు తీగ మధ్యభాగం అరిగితే సగం ట్యాంకు దగ్గర ముల్లు ఒక్కసారి పడి మళ్ళీ లేస్తుంది. మల్టీమీటరు ఉన్నవారు ఫ్లోటును కిందినుండి పైకి కదిపి చూడవచ్చును: రెండవ జాతి బ్రిటిష్ యూనిట్లలో ఖాళీకి సుమారు 240 ఓములు, నిండుకు 20 నుండి 30 లోపల. అమెరికాలో జి.ఎం. వారి పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు: ఖాళీకి 0, నిండుకు 90. కనుక "ఏదో ఒక మీటరు" తెచ్చి తగిలించేవారికి ఫలితం ఊహించవచ్చును. పెట్రోలు తగ్గుతుంటే ముల్లు పైకి ఎక్కుతుంది!

టెంపరేచర్ మీటరు దగ్గర మాత్రం నవ్వులాట పనికిరాదు, అక్కడ ఇంజను ప్రాణం ఉన్నది. ఇందులోనూ రెండు రకాలు. పాతరకంలో విద్యుత్తే లేదు. ఇంజను నీటిలో ఒక లోహపు బుడ్డి, అందులో ఈథరు, అక్కడినుండి మీటరు వరకు వెంట్రుకంత రంధ్రమున్న సన్నని రాగిగొట్టం. వేడికి ఈథరు ఆవిరై పీడనం పెంచితే, మీటరులో వంకరగా ఉన్న గొట్టం సాగి ముల్లును తిప్పుతుంది. బుడ్డి, గొట్టం, మీటరు మూడూ కలిపి ఒకే వస్తువు. గొట్టం చుట్టూ రక్షణగా చుట్టిన తీగను చూసి ఇదేదో కరెంటు వైరనుకొని, ఇంజను దింపుతూ కటింగ్ ప్లేయరుతో "టక్" మనిపించిన కుర్రవాణ్ణి నేను కళ్ళారా చూసినాను. వాడిమీద నాకు కోపం లేదు, వాడికి చెప్పినవారు లేరు. పక్కన నిలబడి "పోనీలెండి, ఎలక్ట్రానిక్‌ది వేద్దాం" అన్న గ్యారేజీ యజమానిమీద ఉన్నది. ఆ గొట్టాన్ని మళ్ళీ అతికి ఈథరు నింపడం తెలిసిన చేతులు అరుదు. మీటరు చెడినదో లేదో చూడడానికైతే చేయవలసినది చాలా చిన్న పని: బుడ్డిని బయటకు తీసి మరిగే నీళ్ళలో ముంచండి. నూరు డిగ్రీలు, ఫారన్‌హీట్ డయలైతే 212. ముల్లు దాని దగ్గరకు వచ్చినదా, మీటరు నిర్దోషి. ఎలక్ట్రిక్ రకంలో ఇంజనులోని సెండరు తన మరల గుండానే ఎర్త్ తీసుకొంటుంది. నీరు కారకుండా తెల్లటేపు దట్టంగా చుట్టి బిగిస్తే కొన్నిసార్లు ఆ దారి కూడ మూసుకొంటుంది.

అన్నిటికంటె పెద్ద అపవాదు ఈ మీటరు మీదనే పడుతుంది. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఎండాకాలంలో హైవే మీద పోతుండగా రేడియేటరు గొట్టం పగిలినది. ముల్లు పైకి పోయినది, కొంతసేపటికి తానే కిందికి దిగినది. "హమ్మయ్య, చల్లబడినది" అనుకొని ఆయన ముందుకే సాగినాడు. ఇంజను హెడ్ వంగిపోయినది. "మీటరు మోసం చేసింది మాస్టారూ" అని ఆయన నేటికీ అంటాడు. దానిని పీకించి, దాని స్థానంలో గడియారం పెట్టించినాడు కూడ. మీటరు ఏమి మోసం చేసినది? అది నీటి వేడిని చెబుతానని ఒప్పుకొన్నది. నీరంతా కారిపోయిన తరువాత దాని మొన గాలిలో వ్రేలాడుతున్నది. కారణం లేకుండా ముల్లు దిగడం కంటె పెద్ద కేక మీటరు వేయలేదు. ఎక్కిన ముల్లు ఎందుకు దిగినదో ఆగి చూసి ఉంటే ఒక గొట్టంతో పోయేది.

ఆయిల్ ప్రెషరు మీటరు సంగతీ అంతే. తక్కువ చూపితే వేరొక మంచి మీటరు పెట్టి సరిచూసేదాకా ముల్లు మాటే నిజమని నమ్మండి. నమ్మి ఇంజను ఆపితే పోయేదేమీ లేదు.

స్పీడోమీటరు వేరే లోకం. జర్మనీకి చెందిన ఓటో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకొన్న సూత్రమే వందేళ్ళు నడిచినది: గేరుపెట్టె నుండి వచ్చే కేబులు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, అయస్కాంతం చుట్టూ ఉన్న లోహపు గిన్నె దానిని తాకకుండానే దాని వెంట పోజూస్తుంది, వెంట్రుకంత స్ప్రింగు దానిని వెనుకకు లాగుతుంది. ముల్లు వణికితే కేబులు ఎండినదనో, ఎక్కడో గట్టిగా వంగినదనో అర్థం. ముల్లు చచ్చి కిలోమీటర్ల అంకెలు మాత్రం తిరుగుతుంటే కేబులు బాగున్నట్లే, తప్పు లోపలిది. రెండూ నిలిచిపోతే ముందు కేబులు చూడవలెను. గ్రీజు పెట్టేవారు పైకొన దగ్గర కొన్ని అంగుళాలు వదలిపెట్టవలెను, లేకుంటే అది మీటరులోకి ప్రాకి జిగురవుతుంది. ఇంకొక కారు స్పీడోమీటరు తెచ్చి బిగించడం మరీ ఘోరం. మైలుకు లేక కిలోమీటరుకు కేబులు ఎన్ని చుట్లు తిరగవలెనో ఒక్కొక్క కారుకు ఒక్కొక్క లెక్క. చాలా డయళ్ళ మీద ఆ అంకె చిన్న అక్షరాలలో ముద్రించి ఉంటుంది. లెక్క కలవకపోతే ఆ మీటరు జీవితాంతం అబద్ధమే చెబుతుంది. నిజం చెప్పేదానిని తీసి అబద్ధం చెప్పేదానిని డబ్బిచ్చి తెచ్చుకోవడం ఏమి ముచ్చట!

నాకు వచ్చే ఎదురు వాదాలు తెలుసు. "అంబాసిడరుకు పెట్రోలు మీటరు ఎందుకండీ, ట్యాంకులో పుల్ల పెట్టి చూస్తాం" అని గర్వంగా చెప్పేవారున్నారు. పుల్లతో ఆయిల్ ప్రెషరు కూడ చూస్తారా? "ఫోనులో వేగం కనిపిస్తుంది కదా" అనేవారున్నారు. ఫోనుకు మీ ఇంజనులో నీరున్నదో లేదో తెలియదు. "టైము లేదు" అనేవారికి చెప్పవలసినది: ఎర్త్ తీగ వేయడానికి పట్టేది, డ్యాష్‌బోర్డు విప్పి మీటరు మార్చడానికి పట్టే సమయంలో ఏ కొంతో. మెకానిక్కును మాత్రం పూర్తిగా నిందించను. సాయంత్రానికి బండి కావలెనని నెత్తిమీద కూర్చొనేది మనమే. విచారణకు కూలి ఇవ్వము, వస్తువుకు ఇస్తాము. "వెతికినందుకు డబ్బులా?" అని అడిగే యజమానికి వెతకడం మానేసి వస్తువు అమ్మడం అతడు నేర్చుకొన్నాడు.

పాత అంబాసిడరు మీద కన్నీరు కారుస్తూ వ్రాసే మన సాహితీమిత్రులకు కూడ ఒక మాట. ఉత్తరపారాలో ఆ కారు తయారీ 2014 మే నెలలో ఆగినది. కుర్లాలో పద్మిని అంతకుముందే ఆగినది. ముంబయిలో చివరి పద్మిని టాక్సీ గడువు 2023 అక్టోబరులో తీరినది. ఇక పుట్టవు. ఉన్నవాటి ముఖాన్ని మనమే చెక్కివేస్తున్నాము. చట్టం కాపాడుతుందనుకోకండి. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం వింటేజ్ వాహనాలకు నియమాలు తెచ్చినది: మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్ళు దాటినవి, అసలు రూపం చెడనివి అర్హమైనవి, ఛాసిస్, బాడీ, ఇంజను వీటిలో మార్పులు కూడవు. మంచిదే. డయళ్ళ పేరు మాత్రం అందులో ప్రత్యేకించి ఎత్తలేదు. అంటే, డ్రైవరు కూర్చొని రోజంతా చూసే భాగాన్ని మన మర్యాదకే వదిలినారు.

కనుక గ్యారేజీ బిల్లులో "మీటరు మార్పు" అని కనబడితే పాత మీటరును అడిగి ఇంటికి తెచ్చుకోండి. అది రెండవ జాతిదైతే, ఆరు టార్చి సెల్లులు వరుసగా కలపండి, 9 వోల్టులు వస్తవి. మీటరుతో వరుసలో 68 ఓముల రెసిస్టరు ఒకటి కలిపి, ఒక నిమిషం ఓపిక పట్టి చూడండి. ముల్లు మెల్లగా లేచి సగానికి కాస్త కిందుగా నిలిస్తే, ఆ మీటరును, బిల్లును రెండింటినీ పట్టుకొని మళ్ళీ గ్యారేజీకి వెళ్ళండి.